డాక్టరుకు మాత్రమే చెప్పిన మాట

నా పేరు పద్మలత. భర్త పేరు బాలేష్. నా వయసు ముప్పై తొమ్మిది. మేడ్చల్ బస్ డిపో వెనక గల్లీలో అద్దెకు ఉంటున్నాము. డిపో ఎదురుగా టిఫిన్ బండి నడుపుతాను. తెలుగు చదవగలను, రాయగలను. గదిలో పోలీసులు ఎవరూ లేరని, ఇష్టం లేకపోతే ఏమీ చెప్పకుండా వెళ్లిపోవచ్చని మేజిస్ట్రేట్ మేడం నాకు చెప్పారు. చెప్పడానికే వచ్చానన్నాను. కూర్చోమన్నారు. నిలబడే చెబుతానన్నాను. కూర్చుంటే నాకు మాట సరిగా రాదు.

ఈ కేసులో ముద్దాయి షాహబాజ్ మా పక్కింటివాడు. శామీర్‌పేట వైపు నర్సరీల నుంచి మొక్కలు తోలే ట్రాలీ ఆటో నడుపుతాడు. గాయపడిన శ్రీదివ్య కూడా మా గల్లీలోనే ఉంటుంది. రహదారి పక్కన ఉన్న ప్రైవేటు ఆసుపత్రిలో కౌంటర్ దగ్గర కంప్యూటర్ మీద పని చేస్తుంది. ఆగస్టు పదహారో తేదీన ఆ కౌంటర్ దగ్గర వాళ్లిద్దరి మధ్య జరిగింది నేను కళ్లతో చూశాను. కానీ అది అర్థం కావాలంటే ముందు నా సంగతి చెప్పాలి. నా సంగతి చెప్పడం నాకు ఇష్టం లేదు. అయినా ఇప్పుడు అందరికీ తెలిసిందే కాబట్టి చెబుతున్నాను.

నిరుడు నాకు దగ్గు తగ్గక అదే ఆసుపత్రికి వెళ్లాను. కౌంటర్ దగ్గర శ్రీదివ్యే ఉంది. నా ఆధార్ తీసుకుని, ఫోనుకు నంబర్ వస్తుంది చెప్పమంది. చెప్పాను. ఇక నుంచి నా జబ్బులు, పరీక్షలు, మందులు అన్నీ ఒకే చోట ఉంటాయని, ఏ ఆసుపత్రికి వెళ్లినా కాగితాలు మోసుకుపోయే పని లేదని చెప్పింది. అందరూ చూస్తారా అని అడిగాను. డాక్టర్లు తప్ప ఎవరూ చూడరని చెప్పింది. లోపల డాక్టర్ ఆమని గారు కూడా అదే మాట చెప్పారు. ఆమె అబద్ధం చెప్పారని నేను అనుకోను. ఆమె కూడా అలాగే నమ్మారు.

నాకు టీబీ అని తేలింది. ప్రభుత్వ మందులు ఇప్పించారు. మొదట్లో బండి మూసేసి ఇంట్లోనే ఉన్నాను. ఇక ఎవరికీ అంటదని డాక్టరుగారు చెప్పిన తర్వాతే మళ్లీ పొయ్యి వెలిగించాను. కోర్సు మొత్తం పూర్తి చేశాను. నాకు, నా భర్తకు, ఆమని గారికి తప్ప ఈ సంగతి ఎవరికీ తెలియదు. అలాగే ఉందని నేను అనుకున్నాను.

ఈ సంవత్సరం ఎండాకాలంలో బండికి మనుషులు తగ్గారు. మొదట ఎండలనుకున్నాను. తర్వాత ఒక కండక్టరు, రోజూ తినే మనిషి, ఇంటి నుంచి స్టీలు డబ్బా తెచ్చి అందులో ఇడ్లీ వేయమన్నాడు. వేశాను. చట్నీ వద్దన్నాడు. ఇంకొకాయన ప్లేటును తన చేతిగుడ్డతో తుడుచుకున్నాడు. మరునాడు ఆయన రాలేదు. పక్కనే ఉన్న ఛాయ్ హోటలతను నా గ్లాసులు వేరుగా పెట్టాడు.  రోజూ పిండి కలిపేదాన్ని, రోజూ మిగిలేది. రోజూ కలిపేదాన్ని.

ఒకరోజు సాయంత్రం శ్రీదివ్య మా ఇంటికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది. తన బిడ్డ నా బండి దగ్గర తింటుందని, నేను సన్నబడడం చూసి అనుమానం వచ్చి ఆసుపత్రి కంప్యూటర్‌లో నా పేరు కొట్టి చూశానని చెప్పింది.

"భయమైంది అక్కా. నా బిడ్డ కోసమే చూసిన. మా అత్తకొక్కదానికే చెప్పిన. ఆమె గిట్ల జేస్తదని నాకు తెల్వదు."

నేను ఆమెను తిట్టలేదు. లోపలికి రమ్మని కూడా అనలేదు.  తర్వాత ఆమె వెళ్లిపోయింది. నా భర్త ఆసుపత్రి మేనేజర్ దగ్గరికి వెళ్లి అడిగాడు. విచారిస్తామని అన్నారు. విచారించారో లేదో నాకు తెలియదు. శ్రీదివ్య అక్కడే పని చేస్తూ ఉంది. ఇక ఆ దవాఖాన తొవ్వ తొక్కవద్దని నా భర్త నాకు చెప్పాడు. నేను కూడా తొక్కకూడదనే అనుకున్నాను.

ఇప్పుడు రిదా సంగతి. రిదా షాహబాజ్ భార్య. పుట్టిల్లు శామీర్‌పేట దగ్గర పల్లె. పెళ్లయి రెండేళ్లు కాలేదు. అత్త షహర్ బాను గారిని నేను ఖాలా, అంటే పిన్ని, అని పిలుస్తాను. మా రెండిళ్ల మధ్య ఒకటే గోడ. నా బండికి అందరూ రావడం మానేసిన రోజుల్లో కూడా ఖాలా మాత్రం గోడ మీద నుంచి గిన్నె చాపి సాంబారు అడిగి తీసుకునేది. ఇది కేసుకు అవసరమో కాదో నాకు తెలియదు. రాయండి.

రిదా అప్పుడు కడుపుతో ఉంది. చూపించుకునేది అదే ఆసుపత్రిలో, ఆమని గారి దగ్గరే. అక్కడ దగ్గు జ్వరాలూ కాన్పులూ అన్నీ ఆమే చూస్తారు. ఒకరోజు మధ్యాహ్నం వచ్చి, ఒక మాత్రల పట్టీ నా చేతిలో పెట్టి, నీ దగ్గర ఉంచు, రోజూ వచ్చి వేసుకుంటానని చెప్పింది. అవేమి మాత్రలని అడిగాను. పెళ్లికి ముందు నుంచి తనకు ఒక జబ్బు ఉందని, ఈ మాత్రలతోనే నడుస్తోందని, పుట్టింటివాళ్లు చెప్పకుండా పెళ్లి చేశారని, భర్తకు, అత్తకు తెలియదని చెప్పింది. జబ్బు పేరు కూడా చెప్పింది. ఆమని గారికైనా చెప్పావా అని అడిగాను. చెప్పలేదంది.

చెప్పమని నేను బతిమాలాను. కడుపులో బిడ్డ ఉందని, డాక్టరు దగ్గర దాచకూడదని ఎన్ని రకాలుగా చెప్పాలో అన్ని రకాలుగా చెప్పాను. రిదా అన్నది నాకు మాటకు మాట గుర్తుంది.

"చెప్తే రాస్తరు అక్కా. రాస్తే ఎవరో ఒకరు చూస్తరు. నీది చూసిండ్రు గద."

 నా బండి కథ నాకంటే ఆమే ఎక్కువసార్లు విన్నట్టుంది. ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది. వేశాను. మాత్రల పట్టీని ఆవాల డబ్బా వెనక పెట్టాను. రోజూ మధ్యాహ్నం వచ్చి నీళ్లడిగి వేసుకుని వెళ్లేది. ఆమె వచ్చేదాకా నాకు పని మీద చేయి ఆడేది కాదు. వెళ్లిన తర్వాత కూడా ఆడేది కాదు.

ఆగస్టు పద్నాలుగో తేదీన మధ్యాహ్నం రెండు దాటిన తర్వాత వచ్చింది. తల పగిలిపోతోందని, కళ్లు మసకలని చెప్పింది. మాత్ర తీసి ఇస్తుండగానే కింద పడింది. చేతులు, కాళ్లు కొట్టుకున్నాయి. నేను గోడ మీద నుంచి ఖాలాను కేక వేశాను. పట్టీ నా చేతిలోనే ఉండిపోయింది. ఆటోలో వేసుకుని దగ్గరగా ఉందని అదే ఆసుపత్రికి తీసుకుపోయాము. షాహబాజ్ మొక్కల లోడుతో దుండిగల్ వైపు ఉన్నాడు. ఫోను చేస్తే ట్రాఫిక్‌లో ఉన్నానన్నాడు.

ఆమని గారు వెంటనే వచ్చారు. బీపీ బాగా పెరిగి ఫిట్స్ వచ్చాయని, ఇంజెక్షన్ ఇచ్చి, తర్వాత ఆపరేషన్ చేసి బిడ్డను తీయాలని చెప్పారు. ముందు నుంచి ఏమైనా జబ్బు ఉందా, మందులు వాడుతోందా అని ఖాలాను అడిగారు. ఏమీ లేదని ఖాలా చెప్పింది. ఆమెకు తెలిసింది అదే. డాక్టరుగారు తల తిప్పి కంప్యూటర్ చూశారు. అందులో కూడా ఏమీ లేదని ఉంది. రిదా చెప్పలేదు కాబట్టి అందులో లేదు. నర్సు ఇంజెక్షన్ సిద్ధం చేస్తోంది.

నేను అక్కడే ఉన్నాను. పట్టీ నా గుప్పిట్లో ఉంది. ఒట్టు కూడా ఉంది. రిదా కళ్లు తెరిచే ఉన్నా ఎవరినీ చూడడం లేదు.

"మేడం, జర పక్కకు రాండ్రి," అన్నాను.

ఆమె విసుక్కోలేదు. మంచం పక్కనున్న గుడ్డ తెర అవతలికి వచ్చారు. కంప్యూటర్ లేని చోటని ముందు చూసుకున్నాను. తర్వాత పట్టీ చూపించి, జబ్బు పేరు చెప్పాను. ఆమె ముఖం మారింది. తెర ఇవతలి నుంచే నర్సును ఆగమని కేక వేశారు. ఆ ఇంజెక్షన్ పడితే రిదాకు ఊపిరి ఆగిపోయి ఉండేదని తర్వాత చెప్పారు. అప్పుడు మాత్రం వేరే మందు తెమ్మన్నారు.

ఇది కంప్యూటర్‌లో రాయవద్దని నేను ఆమె చేయి పట్టుకున్నాను. డాక్టరు చేయి అలా పట్టుకోకూడదని నాకు తెలుసు.

ఆమె ఇలా అన్నారు: "రాయకపోతే నా తర్వాత వచ్చే డాక్టరు మళ్లీ ఇదే ఇంజెక్షన్ ఇస్తారమ్మా. అప్పుడు నేను ఇక్కడ ఉండకపోవచ్చు."

"రాస్తే నాకైనట్టె అయితది గద మేడం."

ఆమెకు నా సంగతి తెలుసు. నా భర్త మేనేజర్ దగ్గరికి వెళ్లిన రోజే తెలిసిందట.   కంప్యూటర్‌లో కాకుండా రిదా మంచానికి ఒక అట్ట కట్టించారు. ఫలానా ఇంజెక్షన్ ఇవ్వకూడదు, ఎందుకో నన్నే అడగండి అని దాని మీద రాసి, కింద తన ఫోను నంబర్ వేశారు. మత్తు ఇచ్చే డాక్టరుకు చెవిలో చెప్పారు. రిదాకు ప్రమాదం తప్పేదాకా ఆమె ఇంటికి వెళ్లలేదు.

ఆపరేషన్ జరిగింది. ఆడపిల్ల పుట్టింది. నెల తక్కువ బిడ్డ అని అద్దాల పెట్టెలో ఉంచారు. తల్లీ బిడ్డా ఇద్దరూ బతికారు.

మరునాడు రిదాకు మాట వచ్చింది. నన్ను చూసి మొదట అడిగింది బిడ్డ గురించి కాదు. "చెప్పినవా అక్కా?" అని అడిగింది. డాక్టరుగారికి ఒక్కరికే చెప్పానన్నాను. ముఖం గోడ వైపు తిప్పుకుంది. నేను తెచ్చిన జావ అలాగే చల్లారింది.

షాహబాజ్‌కు అనుమానం ఎలా వచ్చిందంటే, మంచానికి కట్టిన అట్ట చూశాడు. ఎందుకో నన్నే అడగండి అని ఉంటే అతను ఆమని గారినే అడిగాడు. మీ భార్య నోటితో వినండి, నేను చెప్పకూడదని ఆమె అన్నారు. రిదాను అడిగాడు. రిదా ఏడ్చింది. నన్ను అడిగాడు. నాకు తెలియదనలేదు, చెప్పననే అన్నాను. అతను రెండు రోజులుగా తిండి తినలేదు, నిద్రపోలేదు. భార్యకు ప్రాణం మీదికి వచ్చే జబ్బేదో ఉందని, అది ఊళ్లో అందరికీ తెలిసి తనకు మాత్రం తెలియదని అతని బాధ. అందరికీ కాదని ఎంత చెప్పినా నమ్మలేదు. అతను చెడ్డవాడు కాదు. ఇది నేను అతన్ని కాపాడడానికి చెప్పడం లేదు.

పదహారో తేదీన మధ్యాహ్నం పన్నెండు గంటలకు నేను రిదాకు అన్నం తీసుకుని వెళ్లాను. లోపలికి వెళ్లేటప్పుడు షాహబాజ్ కౌంటర్ దగ్గర ఉన్నాడు. కౌంటర్‌లో శ్రీదివ్య ఒక్కతే ఉంది. రిదా పేరు కొట్టి లోపల ఏముందో చూపించమని అడుగుతున్నాడు. చూపించడానికి తనకు అధికారం లేదని, డాక్టరు సంతకం, రిదా సంతకం కావాలని శ్రీదివ్య చెబుతోంది. నిజానికి ఆ కంప్యూటర్‌లో జబ్బు సంగతే లేదు. అది వాళ్లిద్దరికీ తెలియదు. నాకు తెలుసు. ముందుకు వెళ్లి ఆ మాట చెబుదామనుకున్నాను. చెబితే ఎక్కడో ఉందని ఒప్పుకున్నట్టే అవుతుందని ఆగాను.

"నా పెండ్లాం సంగతి నాకు తెల్వద్దా? పద్మక్కది చూసినవు గద. అప్పుడెవల సంతకం అడిగినవ్?" అని షాహబాజ్ అన్నాడు.

శ్రీదివ్య నన్ను చూసింది. చూసి కూడా అతనికే జవాబు చెప్పింది.

"అప్పుడు తప్పు జేసిన అన్నా. ఒక్కపారి జేసిన, చాలు. ఇగ ఎవ్వరికి ఓపెన్ చెయ్య."

అప్పుడు షాహబాజ్ కౌంటర్ మీదికి వంగి కంప్యూటర్ తెరను రెండు చేతులతో పట్టుకుని తన వైపు తిప్పుకోబోయాడు. శ్రీదివ్య వదలలేదు. అటు నుంచి ఆమె పట్టుకుంది, ఇటు నుంచి అతను పట్టుకున్నాడు. తెర మీద ఎవరి పేరూ లేదు. అతను కుడి మోచేత్తో ఆమె చేతిని తోశాడు. ఆమె తూలి పక్కనున్న గాజు పలక మీద పడింది. గాజు పగిలింది. కంప్యూటర్ కూడా కింద పడింది. ఆమె ఎడమ మణికట్టు తెగి రక్తం వచ్చింది. షాహబాజ్ పారిపోలేదు. మోకాళ్ల మీద కూర్చుని తన మెడలో ఉన్న తువ్వాలు తీసి ఆమె చేతికి చుట్టాడు. చుడుతూ ఏడ్చాడు. నేను రెండో వైపు పట్టుకున్నాను. నా చేతిలోని అన్నం డబ్బా ఎక్కడ పెట్టానో నాకు తెలియదు, ఇప్పటికీ దొరకలేదు.

ఆ రక్తం పట్టుకుని కూర్చున్నప్పుడు నాకు శ్రీదివ్య మీద కోపం ఉందా లేదా అని చూసుకున్నాను. ఉంది. అయినా చేయి గట్టిగానే పట్టుకున్నాను. నరం తెగిందని, రెండు వేళ్లు సరిగా వంగడం లేదని తర్వాత తెలిసింది. ఆమెది టైపు చేసే పని.

ఆ తర్వాత పోలీసులు వచ్చి షాహబాజ్‌ను తీసుకుపోయారు.

నన్ను ఎవరైనా బెదిరించారా, ఇలా చెప్పమని అలా చెప్పమని అన్నారా అని మేజిస్ట్రేట్ మేడం అడిగారు. బెదిరించలేదు. ఆసుపత్రి మేనేజర్ నన్ను పిలిపించి, షాహబాజ్ కంప్యూటర్ ఎత్తి ఆమె మీద వేశాడని చెబితే బాగుంటుందని, నా టీబీ సంగతి రికార్డులోంచి పూర్తిగా తీసేయిస్తామని అన్నారు. తీస్తే జనం నోట్లోంచి పోతుందా అని అడిగాను. ఆయన ఫోను చూసుకున్నారు. రెండోవైపు, గల్లీలో కొందరు పెద్దమనుషులు నేను ఆ సమయానికి బండి దగ్గరే ఉన్నానని చెప్పమన్నారు. అది కూడా చేయనన్నాను. నేను అక్కడే ఉన్నాను.

కోర్టు నుంచి పిలుపు వచ్చిన తర్వాత మాత్రం ఏం చెప్పాలో నాకు తోచలేదు. మూడు రోజులు బండి పెట్టలేదు. పక్కింట్లో ఖాలా ముఖం ఎలా చూడాలని గోడ వైపు కూడా వెళ్లలేదు. నిన్న సాయంత్రం ఆమే వచ్చింది. మనవరాలిని ఎత్తుకుని వచ్చింది. కోర్టుకు పోతున్నావట కదా అని అడిగింది. అవునన్నాను.

"చూసింది చెప్పు బేటీ. నా కొడుకని చూడకు. కోడలి సంగతి మాత్రం అక్కడ చెప్పకు. నాకు గూడ చెప్పకు. పిల్ల బతికున్నది, నాకు గంతే చాలు."

 బిడ్డను నా ఒళ్లో పెట్టి కాసేపు కూర్చుని వెళ్లింది.

రిదా గురించి నాకు తెలిసిన ఇంకొక్కటి చెబుతాను, ఇది ఆమె చెప్పవచ్చన్న తర్వాతే చెబుతున్నాను. ఇంటికి పంపించే రోజున ఆమె ఆమని గారి గదికి తనే నడిచి వెళ్లిందట. తన జబ్బు కంప్యూటర్‌లో రాయమని తన నోటితో అడిగిందట. రాసేటప్పుడు తెరను తన వైపు తిప్పమని, ప్రతి మాటా చదివించుకుని, ఎవరెవరు దీన్ని తెరవగలరో పేర్లు అడిగి, కౌంటర్ వాళ్లకు కనపడకుండా చేసిన తర్వాతే లేచిందట. ఇక ముందు ఎవరు తెరిచినా తన ఫోనుకు తెలియాలని అడిగితే, అలా వస్తుందో రాదో కనుక్కుంటానని డాక్టరుగారు చెప్పారట. భర్తకు బెయిల్ వచ్చిన రోజున తనే చెబుతానందట. ఇదంతా ఆమె నాకు చెప్పలేదు. ఈ పొద్దున నేను కోర్టుకు బయలుదేరుతుంటే ఖాలాతో చెప్పి పంపించింది. రిదా ఇంకా నాతో మాట్లాడడం లేదు.

రిదా జబ్బు ఏమిటి, ఆ రోజు డాక్టరుకు నేను ఏం చెప్పాను అని దర్యాప్తు అధికారి అడగమన్నారంటూ మేజిస్ట్రేట్ మేడం అడిగారు. ఈ వాంగ్మూలం నకలు ఎవరెవరికి ఇస్తారని నేను అడిగాను. పోలీసులకు, రెండు వైపుల వకీళ్లకు వెళ్తుందని చెప్పారు. అయితే చెప్పనన్నాను. చెప్పనన్నానని రాయమన్నాను. కోర్టు మీద గౌరవం లేక కాదని కూడా రాయమన్నాను. మేడం, ఆ రోజు ఎవరు ఎవరిని తోశారో తెలియడానికి అది అవసరం లేదని, ఆ ప్రశ్నకు సాక్షి జవాబు ఇవ్వలేదని రాయించారు.

రాసిందంతా నాకు చదివి వినిపించారు. ఒక చోట షాహబాజ్ ఆమెను కొట్టాడని రాశారు. నేను అలా అనలేదు, తోశాడన్నాను. కొట్టాడు అన్నది కొట్టేయించి, తోశాడు అని రాయించాను. పక్కన చిన్న సంతకం పెట్టాను. ఇంకో చోట శ్రీదివ్య తెర వదిలేసిందని వచ్చింది. ఆమె వదలలేదు. అది కూడా దిద్దించాను.

నేను చూసింది, విన్నది ఇందులో ఉంది. నేను చెప్పనన్నది ఇందులో లేదు. రెండూ ఎవరి బలవంతం లేకుండా, నా ఇష్టంతో, ప్రమాణం మీద చేశానని ఒప్పుకుంటూ కింద చేవ్రాలు చేస్తున్నాను.

మేడ్చల్
సెప్టెంబరు 9, 2025

(సంతకం) పద్మలత